కారు కిటికీ అద్దం ఎక్కనప్పుడు: మోటారు మార్పించే ముందు చూసుకోవలసినవి

వానాకాలం మొదలైతే చాలు, సంఘం ఆఫీసుకి పని మీద వచ్చినవాళ్ళలో ఒకరిద్దరైనా ఈ మాట అడుగుతారు. "సెక్రటరీ గారూ, మా కారు గ్లాసు సగంలో ఆగిపోయింది. గ్యారేజీలో మోటారు పోయిందంటున్నారు. మార్పించేయమంటారా?" మేము మెకానిక్‌లం కాదు. జీవితమంతా ఆఫీసులో ఫైళ్ళు చూసి రిటైరైన గుమాస్తాలం. అయితే ఈ పవర్ విండో విషయంలో ఒకసారి అనవసరంగా డబ్బు పోగొట్టుకున్నాం. ఆ తరువాత తెలిసినవాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్నాం. అడిగిన ప్రతివారికీ నోటితో చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే బళ్ళారిలో ఉన్నవారికీ, హోసూరులో ఉన్నవారికీ, షోలాపూర్, యానాం వాళ్ళకీ కూడా పనికొస్తుందని ఇది రాస్తున్నాం.

ముందు మా సంగతి. కొన్నేళ్ళ కిందట శ్రావణమాసంలో బరంపురం నుంచి ఇచ్ఛాపురం పెళ్ళికి బయల్దేరాం. దూరం పాతిక కిలోమీటర్లే. బండికి అప్పటికే పన్నెండేళ్ళు. వెనక సీట్లో పిన్నిగారు, మా అత్తగారు. పిన్నిగారు గాలి కోసం ఎడమవైపు అద్దం కాస్త దించారు. ఊరు దాటేసరికి వాన అందుకుంది. అద్దం ఎక్కదు. ఆవిడ పక్కనున్న బటన్‌తో దిగుతోంది గాని ఎక్కడం లేదు. డ్రైవరు దగ్గరున్న బటన్ నొక్కితే అటూ లేదు ఇటూ లేదు, ఉలుకూ పలుకూ లేదు. పెళ్ళివారింటికి చేరేసరికి డెబ్బై ఏళ్ళావిడ పట్టుచీరతో సహా తడిసి ముద్దయ్యారు. తరువాత వారం రోజులు జ్వరం.

మర్నాడు ఒక గ్యారేజీలో చూపిస్తే మోటారు, మెషీన్ కలిపి కొత్తది వేశారు. బిల్లు చూసి గుండె గుభేలుమన్నా, సరే అనుకున్నాం. పది రోజులు బాగా పనిచేసింది. పదకొండో రోజు మళ్ళీ అదే వరస. ఈసారి వేరేచోట ఒక ముసలి ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ఎడమ వెనక తలుపు ముట్టుకోనే లేదు. నేరుగా డ్రైవరు తలుపు తెరిచి, తలుపుకీ బాడీకీ మధ్య ఉండే నల్లటి రబ్బరు గొట్టం లాగి చూపించారు. లోపల ఒక తీగ తెగి, కొస పచ్చగా చిలుము పట్టి ఉంది. "ఆజ్ఞా, దిగే మోటారు ఎక్కను అంటే మోటారు తప్పెలా అవుతుంది?" అన్నారు. ఆ తీగ అతికించినందుకు ఆయన తీసుకున్నది మేము మొదట ఇచ్చిన బిల్లులో పదో వంతు కూడా లేదు.

ఆ ఒక్క మాటలోనే అసలు విషయం ఉంది. అద్దం ఆగితే పోయింది మోటారే కానక్కర్లేదు. ఎక్కడ ఆగిందో తెలుసుకోకుండా మోటారు మార్చడం అంటే, ఫైలు ఏ టేబుల్ మీద ఉందో చూడకుండా కొత్త అర్జీ రాయడమే.

కరెంటు నడిచే దారి

అంబాసిడర్, మారుతీ 800 రోజుల్లో చేత్తో తిప్పే హేండిల్ ఉండేది. విరిగితే హేండిల్ విరిగేది, లేకపోతే లోపలి పళ్ళచక్రం అరిగేది. అంతకంటే వెతుక్కోవలసింది ఉండేది కాదు. ఇప్పుడు ఆ చేతి పని మోటారు చేస్తుంది. ఆ మోటారు దాకా కరెంటు రావాలంటే చాలా టేబుళ్ళు దాటాలి. బ్యాటరీ నుంచి ఫ్యూజుకి, చాలా బళ్ళలో అక్కణ్ణుంచి రిలేకి, తరువాత డ్రైవరు తలుపు మీద ఉండే పెద్ద స్విచ్‌కి (దాన్నే మాస్టర్ స్విచ్ అంటారు), అక్కణ్ణుంచి ఆయా తలుపుల చిన్న స్విచ్‌లకి, చివరికి తలుపు లోపలి మోటారుకి. మోటారు తిరిగితే తలుపు లోపల ఉండే ఉక్కు తీగో, కత్తెరలాంటి చట్రమో అద్దాన్ని పైకి తోస్తుంది. ఆ చట్రాన్ని కంపెనీవాళ్ళు రెగ్యులేటర్ అంటారు. గ్యారేజీల్లో మాత్రం దాదాపు ప్రతిచోటా 'మెషీన్' అనే అంటారు. అద్దం జారే రబ్బరు గాడిని బీడింగు అంటారు.

మోటారుకి ఉండేవి రెండే తీగలు. ఒకదానికి కరెంటు, రెండోదానికి ఎర్త్ ఇస్తే ఎక్కుతుంది. తారుమారు చేస్తే దిగుతుంది. ఎక్కడానికి ఒక మోటారు, దిగడానికి ఒక మోటారు లేవు. కనక ఒకవైపు హుషారుగా తిరిగి రెండోవైపు అస్సలు చప్పుడు చెయ్యకపోతే మోటారుని అనుమానించకండి. అనుమానించవలసింది స్విచ్‌ని, తీగల్ని.

పాత తరహా బళ్ళలో వెనక తలుపు స్విచ్‌కి కావలసిన ఎర్త్ కూడా డ్రైవరు దగ్గరి మాస్టర్ స్విచ్ గుండానే వస్తుంది. అందుకే మా బండిలో తెగినది డ్రైవరు తలుపు దగ్గర, బాధ కనిపించింది ఎడమ వెనక తలుపు దగ్గర. మోటారుకి వెళ్ళే రెండు తీగల్లో ఒకటే తెగింది కనక పిన్నిగారి బటన్‌తో ఒక వైపే పనిచేసింది. డ్రైవరు బటన్‌కి రెండు తీగలూ కావాలి కనక అది పూర్తిగా మూగబోయింది. మరి పది రోజులు ఎందుకు బాగుంది అంటారా? తెగిన కొసలు తలుపు వేసినప్పుడు ఒక్కోసారి తగులుకుంటాయి. కొత్త మోటారు వేసిన రోజుల్లో అవి తగులుకుని ఉన్నాయి, అంతే.

పనిముట్లు లేకుండా చేసే పరీక్ష

ముందు డ్రైవరు దగ్గర బటన్ల పక్కన చూడండి. అద్దం మీద అడ్డగీత బొమ్మతో ఒక లాక్ బటన్ ఉంటుంది. అది నొక్కి ఉంటే మిగతా తలుపుల బటన్లు పనిచెయ్యవు, డ్రైవరు బటన్లే పనిచేస్తాయి. బండి కడిగినవాళ్ళో, మనవడో నొక్కి ఉంటారు. నవ్వకండి, ఇందుకోసం గ్యారేజీ దాకా వెళ్ళొచ్చిన వాళ్ళు మన సభ్యుల్లోనే ఉన్నారు.

తరువాత ఇంజిన్ స్టార్టు చేసి నాలుగు అద్దాలూ ఒక్కొక్కటిగా చూడండి. నాలుగూ ఆగిపోతే తలుపుల్లోకి పోనక్కర్లేదు. నాలుగు మోటార్లూ ఒకే రోజు పాడవడం జరిగే పని కాదు. ఫ్యూజు, రిలే, లేదా మాస్టర్ స్విచ్ కింద ఉండే కప్లర్ వదులవడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి అయివుంటుంది. ఒక్క అద్దమే ఆగితే దాన్ని రెండుచోట్ల నుంచీ నొక్కి చూడండి. డ్రైవరు దగ్గర నుంచి పనిచేసి ఆ తలుపు బటన్‌తో పనిచెయ్యకపోతే (లాక్ లేదని చూసుకున్నాక) ఆ చిన్న స్విచ్ పోయినట్టు. తలుపు బటన్‌తో పనిచేసి డ్రైవరు దగ్గర నుంచి పనిచెయ్యకపోతే మాస్టర్ స్విచ్, లేదా మధ్యలో తీగ. రెండుచోట్ల నుంచీ పలక్కపోతే అప్పుడు మోటారు దాకా వెళ్ళాలి.

దానికీ ఒక చిట్కా ఉంది, రాత్రిపూట బాగా తెలుస్తుంది. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, లోపలి కప్పు లైటు వేసి, ఆగిపోయిన అద్దం బటన్ నొక్కండి. నొక్కగానే లైటు కొంచెం మసకబారితే కరెంటు మోటారు దాకా వెళ్తోంది, మోటారు తిరగలేకపోతోంది అని అర్థం. అద్దం ఇరుక్కుందో, మెషీన్ పట్టేసిందో, మోటారే బిగిసిందో. లైటులో మార్పేమీ లేకపోతే కరెంటు అక్కడిదాకా రావడం లేదన్నమాట. లేదా మోటారు లోపలి బ్రష్‌లు పూర్తిగా అరిగాయి. ఈ రెండోది చూడటానికి ఒకరు బటన్ నొక్కి పట్టుకుంటే మరొకరు తలుపు లోపలి అట్ట మీద, స్పీకరుకి కాస్త పైభాగాన, పిడికిలితో తట్టాలి. తట్టగానే అద్దం కదిలితే మోటారు బ్రష్‌లు చివరికొచ్చాయి. ఈసారికి పైకెక్కించి ఆపేసి, మోటారు ఖర్చుకి సిద్ధపడండి. నిజంగానే మోటారు పోయే సందర్భం ఇదొకటి.

బటన్‌ని మాటిమాటికీ నొక్కి నొక్కి పిల్లలు ఆడితే మోటారు వేడెక్కి తనంతట తానే ఆగిపోవడం కూడా ఉంది. కాలిపోకుండా లోపల ఏర్పాటు ఉంటుంది. పది నిమిషాలు ఊరుకుంటే మళ్ళీ తిరుగుతుంది.

చప్పుడు విని చెప్పగలిగేవి

బటన్ నొక్కితే మోటారు రొద వినిపిస్తూ అద్దం కదలకపోతే మెషీన్‌లో ఉక్కు తీగ తెగింది, లేదా అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు విరిగింది. 'టక టక' లేదా 'కర కర' అని నలిగినట్టు వినిపిస్తే తీగ చుట్టలో చిక్కుపడింది, లేదా పళ్ళు అరిగాయి. ఇలాంటప్పుడు మళ్ళీ మళ్ళీ నొక్కితే తీగ ముద్దయిపోయి బాగయ్యేది కూడా పాడవుతుంది. దభీమని అద్దం తలుపులోకి పడిపోతే అదీ క్లిప్పు పనే. ఆ తలుపు గట్టిగా వేస్తే లోపలి అద్దం పగలొచ్చు కాబట్టి నెమ్మదిగా వెయ్యండి. అద్దం ఒక పక్కకి వాలి ఎక్కుతుంటే ఒక క్లిప్పు వదులైంది, రెండోది ఇంకా పట్టుకుని ఉంది. ఈ దశలో చూపిస్తే ఖర్చు తక్కువ.

చప్పుడు బాగానే ఉండి ముసలెద్దులా నెమ్మదిగా ఎక్కితే ముందు బీడింగు చూడండి. మట్టి పట్టి, ఎండకి రబ్బరు గట్టిపడి ఉంటుంది. నలుపు ఫిల్ము అంచు ఊడి గాడిలో ఇరుక్కోవడం కూడా చాలా బళ్ళలో చూశాం. 2012లో సుప్రీంకోర్టు ఆ ఫిల్ములు వద్దన్నా పాత బళ్ళలో ముక్కలు ఇంకా మిగిలే ఉన్నాయి. గాడిని తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, సిలికాన్ స్ప్రే కొట్టి నాలుగుసార్లు ఎక్కించి దించండి. ఇంజిన్ ఆయిలూ, గ్రీజూ, కొబ్బరినూనే రాయకండి. గ్రీజు మట్టిని పట్టి ఉంచుతుంది, నూనె రబ్బరుని ఉబ్బిస్తుంది.

అద్దం పై దాకా వెళ్ళి మళ్ళీ దానంతటదే కిందికి దిగుతోందా? అది జబ్బు కాదు, జాగ్రత్త. ఒక్కసారి నొక్కితే పూర్తిగా ఎక్కే ఆటో బటన్ ఉన్న అద్దాలకి, మధ్యలో చెయ్యి తగిలితే వెనక్కి తగ్గే ఏర్పాటు పెడతారు. గాడిలో మట్టిని అది చెయ్యి అనుకుంటుంది. ఇది బ్యాటరీ మార్చిన తరువాత మొదలైతే సంగతి వేరు. అద్దం పైకొస ఎక్కడో బండి మరిచిపోయింది, మళ్ళీ నేర్పాలి. చాలా బళ్ళలో అద్దం పూర్తిగా దించి, బటన్ పైకి లాగి పట్టుకుని పూర్తిగా ఎక్కాక కూడా కొన్ని సెకన్లు వదలకుండా ఉంచితే సరిపోతుంది. బండిని బట్టి పద్ధతి కాస్త మారుతుంది. గ్లవ్ బాక్సులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉండే ఆ యజమాని పుస్తకంలో అది రాసి ఉంటుంది.

ఫ్యూజు

నాలుగు అద్దాలూ ఆగినప్పుడు ఇదే మొదట చూడాలి. ఫ్యూజు పెట్టె సాధారణంగా స్టీరింగు కింద ఒకటి, బానెట్ కింద ఒకటి ఉంటుంది. మూత వెనక బొమ్మలో పవర్ విండో దేనికో ఉంటుంది. ప్లాస్టిక్ ఫ్యూజుల రంగు చూసి విలువ తెలుస్తుంది. పసుపు 20 ఆంపియర్లు, తెల్లగా పారదర్శకంగా ఉండేది 25, ఆకుపచ్చది 30. కిటికీలకి ఎక్కువగా 20 నుంచి 30 మధ్యలో వేస్తారు. తాళం తీసేసి, ఫ్యూజు లాగి, వెలుతురులో చూస్తే లోపలి తీగ తెగిందీ లేనిదీ కనిపిస్తుంది. తెగితే అదే విలువది వెయ్యండి. ఒకసారి పోయింది కదా అని పెద్దది వెయ్యడం, సిగరెట్ పెట్టె రేకు చుట్టడం ఇంకా మన దగ్గర ఉన్నాయి. అలా చేస్తే ఫ్యూజుకి బదులు తీగ కాలుతుంది, తలుపు లోపల. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే ఎక్కడో తీగ ఒరుసుకుని బాడీకి తగులుతోంది. ఇక మీరు వెయ్యకండి, ఎలక్ట్రీషియన్ని పిలవండి.

తలుపు దగ్గరి రబ్బరు గొట్టం

మా డబ్బు పోయింది ఇక్కడే కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాం. తలుపు తెరిచినప్పుడల్లా తీగలు వంగుతాయి, వేసినప్పుడల్లా మళ్ళీ వంగుతాయి. డ్రైవరు తలుపు మిగతావాటి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువసార్లు తెరుస్తాం. పది పన్నెండేళ్ళకి లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి, పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. గుర్తు ఏమిటంటే, తలుపు ఓరగా తెరిచినప్పుడు పనిచేసే అద్దం తలుపు వేస్తే ఆగిపోతుంది, లేదా అటుది ఇటు. ఒకరు బటన్ నొక్కి పట్టుకుంటే మరొకరు తలుపు మెల్లగా ఆడిస్తూ ఆ గొట్టాన్ని పిసికి చూడాలి. మధ్యలో ఒక్క క్షణం అద్దం కదిలినా దొంగ దొరికినట్టే. ఈ పరీక్ష చేసేటప్పుడు వేళ్ళు తలుపు సందులో పెట్టకండి.

అతికించేటప్పుడు రెండు కొసలూ మెలిపెట్టి టేపు చుడితే మూడు నెలలు రాదు. ఎన్ని పోగులున్న మెత్తని తీగ అయితే అంత మంచిది. అతుకు టంకం పెట్టి, వేడికి ముడుచుకునే స్లీవు తొడిగి, వంగే చోట కాకుండా కాస్త లోపలికి ఉండేలా చెయ్యమని అడగండి. ఒక తీగ తెగితే దాని పక్కవి కూడా ముసలివే. అన్నీ ఒకేసారి చూడమనండి.

తలుపు అట్ట విప్పవలసి వస్తే

కొంతమంది పిల్లలు వీడియోలు చూసి తామే విప్పుతామంటున్నారు. మంచిదే, అయితే కొన్ని సంగతులు. బండి వారంటీలో ఉంటే విప్పకండి. బ్యాటరీ నెగటివ్ తీగ తీశాకే మొదలుపెట్టండి. స్క్రూలు హేండిల్ గిన్నె వెనక, చెయ్యి ఆనించే చోట మూతల కింద దాక్కుని ఉంటాయి. అన్నీ తీశాక అట్ట చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు ఒక్కొక్కటే ఊడదీయాలి. బలంగా లాగితే అవి విరుగుతాయి. అట్ట వెనక ఒక ప్లాస్టిక్ కాగితం జిగురుతో అంటించి ఉంటుంది. చాలాచోట్ల దాన్ని పనికిరాని చెత్త అనుకుని చింపేస్తారు. అద్దం మీంచి తలుపు లోపలికి జారిన వాన కారులోకి రాకుండా ఆపేది అదే. దాన్ని చింపిన బండికి మర్నాటి వానకే కాళ్ళ దగ్గర కార్పెట్ తడుస్తుంది. అద్దం పైకి ఉంటే టేపుతో చట్రానికి కట్టకుండా మెషీన్ బోల్టులు విప్పవద్దు. అద్దం వేళ్ళ మీద పడుతుంది.

మోటారు కప్లర్ చేతికి అందాక టెస్ట్ ల్యాంప్ పరీక్ష చాలు. బ్యాటరీ తీగ తిరిగి తగిలించి, కప్లర్ ఊడదీసి, బండి వైపు ఉన్న రెండు తీగల మధ్య ల్యాంప్ పెట్టి బటన్ పైకీ కిందికీ నొక్కాలి. రెండుసార్లూ వెలిగితే కరెంటు బాగానే వస్తోంది, తప్పు మోటారులోనో మెషీన్‌లోనో. వెలగకపోతే మోటారుకి ఏ పాపమూ తెలీదు. ఇప్పటి కొత్త బళ్ళు కొన్నింట్లో మోటారులోనే ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. వాటికి ఈ పరీక్ష పనికిరాదు, స్కానర్ పెట్టాలి.

వానలో, రాత్రిపూట అద్దం కిందే ఉండిపోతే

ఒకరు బటన్ పైకి నొక్కి పట్టుకోవాలి. మరొకరు రెండు అరచేతులూ అద్దానికి లోపలా బయటా ఆనించి పైకి తొయ్యాలి. సగం సందర్భాల్లో వచ్చేస్తుంది. వచ్చాక ఎవరూ ముట్టుకోకుండా లాక్ బటన్ నొక్కెయ్యండి. అద్దం నిలవకుండా జారుతుంటే అద్దానికీ లోపలి రబ్బరుకీ మధ్య గట్టి రబ్బరు ముక్కో, చుట్టిన అట్టముక్కో దోపాలి. అసలు రాకపోతే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పైనుంచి కట్టండి. డ్రైవరుకి అద్దంలో వెనక బళ్ళు కనిపించకుండా చేసేదేదీ ముందు తలుపులకి కట్టవద్దు. ఆ రోజు మా పెద్దవాళ్ళని తడవనివ్వకుండా ఇంత మాత్రం చెయ్యొచ్చని మాకు అప్పుడు తెలీదు.

పిల్లలు

ఇది అద్దం పనిచెయ్యకపోవడం గురించి కాదు, పనిచెయ్యడం గురించి. కారులో పిల్లలున్నప్పుడు వెనక అద్దాల లాక్ వేసే ఉంచాలి. పాత బళ్ళలో అటూ ఇటూ ఊగే బటన్ ఉంటుంది. కిటికీలోంచి తల బయటపెట్టిన పిల్లవాడి మోకాలు దాని మీద పడితే చాలు, అద్దం మెడ దాకా ఎక్కుతుంది. కొత్తవాటిలో పైకి లాగితేనే ఎక్కే బటన్లు వస్తున్నాయి, అది మేలు. చెయ్యి తగిలితే వెనక్కి తగ్గే ఏర్పాటు అన్ని అద్దాలకీ ఉంటుందనుకోకండి. ఎన్నో బళ్ళలో అది డ్రైవరు అద్దానికి మాత్రమే ఉంటుంది. పరీక్షించాలనుకుంటే చుట్టిన న్యూస్‌పేపరు పెట్టి చూడండి, చెయ్యి కాదు. కొట్టు దగ్గర ఆగి దిగేటప్పుడు తాళం తీసి జేబులో వేసుకోండి. కొన్ని బళ్ళలో తాళం తీశాక కూడా కాసేపు, లేదా తలుపు తెరిచేదాకా, అద్దాలు పనిచేస్తూనే ఉంటాయన్నది గుర్తుంచుకోండి. అద్దం బాగుచేయించిన రోజున మనవల చేతులు లోపలున్నాయో లేదో చూసి, చెప్పి, అప్పుడు నొక్కే అలవాటు మా ఇంట్లో పెట్టుకున్నాం.

నీళ్ళలో

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మా గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు అక్కడి మన కుటుంబాలు పడిన పాట్లు అందరికీ తెలుసు. నీళ్ళు నిలిచిన రోడ్డు మీదికి కారు దించవద్దు. అయినా దిగిపోతే, తలుపు తెరవాలని పెనుగులాడకండి. బయటి నీటి బరువుకి అది రాదు. సీటు బెల్టు తీసి వెంటనే అద్దం దించండి. మొదటి నిమిషంలో కరెంటు సాధారణంగా ఇంకా పనిచేస్తుంది, అప్పుడే దించుకోవాలి. నీళ్ళు కిటికీ అంచు దాటితే ఆ అవకాశం పోతుంది. పిల్లల్ని ముందు పంపి కిటికీలోంచే బయటికి రావాలి. పవర్ విండో పాడైన బండితో వానాకాలం గడపొద్దని మేము ఇంత గట్టిగా చెప్పడానికి ఇదొక కారణం. పక్క అద్దాలు చాలా బళ్ళలో టెంపర్డ్ గాజు. వాటిని మూల మీద గట్టి మొనతో కొడితే పిండిపిండిగా పగులుతాయి. ముందు అద్దం లామినేటెడ్, అది పగిలినా ఊడి రాదు. కొన్ని ఖరీదైన బళ్ళలో పక్కవి కూడా లామినేటెడ్ ఉంటాయి. అద్దం మూల చిన్న అక్షరాల్లో ఏదో రాసి ఉంటుంది, ఈ రోజే చూసుకోండి. అద్దం పగలగొట్టే చిన్న సుత్తిని డిక్కీలో కాదు, డ్రైవరు చేతికి అందేచోట ఉంచండి.

గ్యారేజీలో ఎలా చెప్పాలి

మనం పుట్టి పెరిగిన ఊళ్ళే అయినా మెకానిక్ దగ్గర ఒక్కోసారి మాట తడబడుతుంది. కన్నడంలో గాజు అంటే మన గాజే. తమిళంలో కణ్ణాడి. ఒడియాలో, మరాఠీలో కాచ. పవర్ విండో, మోటారు, మెషీన్, కప్లర్, బీడింగు అన్నవి మాత్రం అన్నిచోట్లా అవే. 'గ్లాసు పనిచెయ్యడం లేదు' అని ఊరుకోకుండా ఏ తలుపు, ఏ బటన్‌తో, ఎక్కడమా దిగడమా, చప్పుడు ఉందా లేదా, ఎప్పటినుంచి, దానికి ముందు ఏం జరిగింది (బ్యాటరీ మార్చారా, వాటర్ వాష్ చేయించారా, కొత్త స్పీకర్లు వేయించారా) అన్నది ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళండి. మోటారు మార్చాలంటే కప్లర్ దగ్గర కరెంటు చూశారా అని ఒక్క ప్రశ్న అడగండి. చూశామంటే చూపించమనండి. కోపంగా కాదు, తెలుసుకునే వాళ్ళలా అడగాలి. మార్చిన పాత సామాను మీకు ఇచ్చెయ్యాలని పని మొదలవకముందే చెప్పండి. బిల్లు మీద సామాను, కూలి విడివిడిగా రాయించుకోండి. మెకానిక్‌లందరూ మోసగాళ్ళని మా ఉద్దేశం కాదు. మొదటాయన కూడా మోసం చెయ్యలేదు, చూడకుండా నమ్మారు, అంతే.

స్విచ్ గురించి ఒక మాట. వెనక రెండు తలుపుల స్విచ్‌లు చాలా బళ్ళలో ఒకేలా ఉంటాయి. ఒకటి అనుమానంగా ఉంటే రెండోదానితో మార్చి చూడమనండి. జబ్బు కూడా స్విచ్‌తో పాటు పక్క తలుపుకి వెళ్తే స్విచ్చే కొనుక్కోండి. మాస్టర్ స్విచ్ మీద కాఫీ, కొబ్బరినీళ్ళు ఒలికితే లోపల కాంటాక్టులకి కార్బన్ పడుతుంది. విప్పి శుభ్రం చేసే ఓపిక ఉన్న ఎలక్ట్రీషియన్ దొరికితే కొత్తది కొనే పని తప్పుతుంది.

ఊరిని బట్టి

యానాంలోనూ మా గోపాలపురం వైపూ ఉప్పుగాలికి కప్లర్ పిన్నులు పచ్చబడతాయి, మెషీన్ పట్టాలు తుప్పు పడతాయి. బళ్ళారివాళ్ళకి ఎర్ర ధూళి బీడింగులో పేరుకుంటుంది. షోలాపూర్ ఎండకి రబ్బరు ఎండి పగులుతుంది. అందరికీ పనికొచ్చేది ఒకటుంది. ప్రతి తలుపు అడుగు అంచున చిన్న చిల్లులుంటాయి. అద్దం పక్క నుంచి లోపలికి దిగిన వాననీళ్ళు బయటికి పోవడానికి పెట్టినవి. బురదతో అవి మూసుకుపోతే నీళ్ళు తలుపులో నిలిచి మోటారు నానుతుంది. తలుపు ఊపితే లోపల గుబగుబ చప్పుడు వినిపిస్తే అదే. వానలకి ముందొకసారి, తరువాతొకసారి చీపురుపుల్లతో ఆ చిల్లులు పొడిచి చూడండి. ఇనప తీగ వద్దు, పెయింటు గీసుకుపోయి అక్కణ్ణుంచే తుప్పు మొదలవుతుంది.

మా బండిలో ఆ ఎలక్ట్రీషియన్ డ్రైవరు తలుపు తీగలన్నీ ఒకేసారి కొత్తవి వేశారు. తీసేసిన పాత మోటారుని ఇంటికి తెచ్చి బ్యాటరీకి తగిలిస్తే రెండువైపులా చక్కగా తిరిగింది. అది ఇప్పుడు సంఘం ఆఫీసు బీరువాలో ఉంది. ఎవరైనా "మోటారు పోయిందట" అంటూ వస్తే ముందు దాన్ని బయటికి తీసి చూపిస్తాం.